ఊరి తరఫున

మార్చి నెల, పొద్దున. మేరీలాండ్ శాసనసభ పక్క భవనంలో, రేవు నగరం ప్రతినిధులకు పెద్ద అయిన లూషియస్ గేథర్ గది. ఎదురుగా వెర్లీన్ క్రొమార్టీ. చనిపోయిన భర్త సీటులో ఆమెను కూర్చోబెట్టి ఇంకా నెల కాలేదు.

"అంటే, బిల్లు చంపెయ్యమంటున్నారు."

"చంపటమేంటమ్మా. వెనక్కి తీసుకోమంటున్నా. నీ నోటితో నువ్వే."

"అది ఎమ్మెట్ బిల్లు, లూషియస్ గారూ. పోయేముందు ఆయన పెట్టిన ఆఖరి బిల్లు. రేవులో బొగ్గు గుట్టల మీద కప్పు వెయ్యమని, అంతేగా అడిగింది? గాలొస్తే మా కీత్లీ వీధి మొత్తం నల్లబడుతోంది. తెల్ల దుప్పటి ఉతికి ఆరేస్తే..."

"దుప్పటి సంగతి తెలుసు. ఏళ్ల తరబడి వింటున్నా."

"మరి? ఇవాళ మన సిటీ వాళ్ల సమావేశం. మనవాళ్లంతా చెయ్యెత్తితే సభలో ఇంక అడ్డే ఉండదని మీరేగా చెప్పారు, మొదటి రోజు."

"చెప్పాను. ఒక ఊరి బిల్లయితే ఆ ఊరి సభ్యులు ఏమంటే సభంతా అదే అంటుంది. అదిక్కడి మర్యాద. మనలో మళ్లీ, ఏ పేట బిల్లయితే ఆ పేట సభ్యుడి మాట. అంటే నీ మాట. నువ్వు వద్దంటే నేను కూడా కావాలనలేను."

"నేను కావాలంటున్నా కదా."

"అందుకే పిలిచింది."

"బయట డెల్ఫీన్ కూర్చునుంది, చూశారా? మా ఎదురింటావిడ. నల్ల టోపీ."

"చూశా. ఏటా వస్తుంది."

"ఈసారి కూతురి ఫొటో తెచ్చింది. రోషెల్. పోయిన ఆగస్టులో ఊపిరాడక పోయింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. మా చర్చి పాటల్లో మొదటి వరసలో నిలబడేది. గాలి మిషను కరెంటుకి పెట్టేలోపే... డెల్ఫీన్ తెల్లారకుండా బస్సెక్కి వచ్చింది, మీ అందరి ముందూ మాట్లాడాలని."

"మాట్లాడే పని ఉండదు. నువ్విప్పుడు ఊ అంటే బిల్లు ఇవాళ్టి చర్చలోకే రాదు. దాని పేరు కూడా ఎవరూ ఎత్తరు."

"ఎందుకు ఊ అంటాను? కారణం చెప్పండి. నాకు రాజకీయం తెలీదు, కారణం చెబితే తెలుస్తుంది."

"బడ్జెట్ కమిటీలో సిటీ బయటి జిల్లాల సభ్యుడు ఒకడున్నాడు. రేవు కంపెనీకి కావలసినవాడు. బొగ్గు బిల్లు ఇవాళ పోతే మన పిల్లల బళ్లకి కొత్త హీటర్లు, పైకప్పులు ఇస్తానన్నాడు. పోకపోతే ఇవ్వడు. ఇంతే."

"ఇంతేనా."

"నువ్వు బడి వంటింట్లో పనిచేసినదానివి. చలికాలం అక్కడెలా ఉంటుందో నీకు నేను చెప్పాలా?"

"అక్కర్లేదు. జనవరిలో పిల్లలు గ్లౌజులతోనే చెంచా పట్టుకునేవాళ్లు. సూపు ఒలికి గ్లౌజులు తడిసేవి. తడిస్తే ఇంకా చలి."

"మరి ఊరి పిల్లలంతా ఒకవైపు. మీ వీధి ఒకవైపు."

"మా వీధి ఊళ్లో లేదా?"

"ఉంది. కానీ బొగ్గు అక్కడ దిగుతోంది. దింపమన్నది నేను కాదు."

"నేను బిల్లు వెనక్కి తీసుకోను, లూషియస్ గారూ. ఎమ్మెట్ అయితే తీసుకునేవాడా?"

"కాఫీ తాగుతావా?"

"అడిగినదానికి చెప్పండి. తీసుకునేవాడా?"

"ఆ మాట వదిలెయ్యి వెర్లీన్."

"వదలను."

"తీసుకునేవాడు. ఏటా తీసుకున్నాడు. నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుని."

"అబద్ధం."

"జనవరిలో బిల్లు పెట్టేవాడు, మీ వీధి చప్పట్లు కొట్టేది. మార్చిలో ఇక్కడికొచ్చి, ఈసారి దీనికి ఏమిప్పిస్తారని అడిగేవాడు. మీ పేటలో క్లినిక్ అలా వచ్చింది. ముసలివాళ్లని తిప్పే బస్సు అలా వచ్చింది."

"జిల్లాల వాళ్లు బిల్లు నెగ్గనివ్వలేదని చెప్పేవాడు నాకు."

"అలా చెప్పమన్నది నేనే."

"బిల్లు పోయిన రోజు రాత్రి వీధి మొత్తానికి వేయించిన చేపలు కట్టించుకొచ్చేవాడు. ఓడిపోయి వచ్చి కూడా అందరికీ పెడుతున్నాడు, ఎంత మంచి మనిషి అనుకునేదాన్ని. తను మాత్రం ముక్క ముట్టేవాడు కాదు. కడుపు బాగోలేదనేవాడు."

"మంచి మనిషే."

"డెల్ఫీన్ తినేది ఆ చేపలు. రోషెల్ తినేది. ముళ్లు తీసి నేనే పెట్టేదాన్ని దానికి, చిన్నప్పుడు."

"వెర్లీన్..."

"ఒక్క ఏడు కూడా కుదరదనలేదా? ఒక్క ఏడు?"

"ఒకసారి అన్నాడు. ఇక్కడే ఏడ్చాడు కూడా. ఆ ఏడే క్లినిక్ ఇప్పించాను."

"నేను సమావేశంలోకి వెళ్లి ఇదంతా చెప్పేస్తే? మైకుంటుంది, కెమెరాలుంటాయి. ఈ గదిలో ఏటేటా ఏం అమ్ముడుపోయిందో చెబుతా. అమ్మిన మనిషెవరో, బేరం కుదిర్చిన మనిషెవరో."

"చెప్పు."

"చెప్పలేననుకుంటున్నారు."

"చెప్పగలవు. నువ్వు ఎమ్మెట్ కంటే గట్టిదానివని ఇప్పుడే తెలిసింది నాకు. చెప్పు. రేపు పేపర్లో ఆయన ఫొటో వేస్తారు, నాది కాదు. పోయినవాడు జవాబు చెప్పుకోలేడు. చర్చిలో ఆయన పేరు మీద రంగుటద్దాల కిటికీ పెట్టిస్తున్నారటగా?"

"ఈస్టర్‌కి."

"మరి ఆలోచించుకో."

"బెదిరిస్తున్నారా?"

"నాకు డెబ్భై దాటాయమ్మా, బెదిరించే ఓపిక లేదు. జరిగేది చెబుతున్నా. కిటికీ పోతుంది, హీటర్లు పోతాయి, బొగ్గు మాత్రం అక్కడే ఉంటుంది. కంపెనీ కోర్టుకెళ్తుంది. కప్పు పడేసరికి నీ సమాధి మీదా నా సమాధి మీదా ఎవరో ఒకరు పూలు పెడుతుంటారు."

"బళ్ల సంగతి నిజమేనా?"

"నిజం."

"నా కళ్లలోకి చూసి చెప్పండి."

"నిజం వెర్లీన్. వచ్చే చలికాలానికి గ్లౌజులుండవు."

"అయితే... వెనక్కి తీసుకుంటున్నా."

"మంచి పని చేశావు."

"ఆ మాట అనకండి."

"సరే."

"ఇంకెప్పుడూ అనకండి నాతో."

"సరేనన్నాగా. ముఖం కడుక్కునిరా, సమావేశానికి వేళయింది."

"డెల్ఫీన్‌కి ఏం చెప్పాలి?"

"ఎమ్మెట్ చెప్పిందే. జిల్లాల వాళ్లు అడ్డుపడ్డారను. ఎవరడిగినా నేనూ అదే అంటా. నువ్వు కూర్చో కాసేపు. నేను ముందు వెళ్తున్నా."

*

సమావేశం అయిపోయాక, మెట్ల దగ్గర బల్ల మీద వెర్లీన్, డెల్ఫీన్.

"నా పేరు పిలవలేదక్కా."

"అవును."

"అన్నీ అయ్యాయి. సారా కొట్లు రాత్రి ఎన్నింటిదాకా తెరవాలో అది మాట్లాడారు. పార్కింగు మాట్లాడారు. పక్కనాయన, నీదెప్పుడమ్మా, నీదెప్పుడని అడుగుతున్నాడు. వస్తుంది వస్తుందని ఫొటో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా."

"డెల్ఫీన్, విను..."

"వింటున్నా. బిల్లేమైంది?"

"జిల్లాల వాళ్లు... పొద్దున్నే అడ్డుపడ్డారు. మనవాళ్లు చాలా ప్రయత్నం చేశారు."

"నువ్వు?"

"నేనూ చేశా. నా చేతనైనంత."

"లూషియస్ గారి గదిలోనా?"

"ఆ, అక్కడే. ఆయనతో చాలాసేపు పోట్లాడా."

"అయితే జిల్లాల వాళ్లే చేశారంటావు."

"వాళ్లే. ఎప్పుడూ ఉన్నదేగా. వచ్చే ఏడు మళ్లీ పెడదాం. రోషెల్ పేరే పెడదాం దానికి."

"దాని పేరు ఎత్తకు."

"ఏంటి?"

"నీ నోటితో ఎత్తకక్కా."

"ఎందుకలా అంటావు?"

"లూషియస్ గారు చెప్పారు. గదిలోంచి వస్తూనే నా పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యేసి. వెర్లీన్ వెనక్కి తీసేసుకుంది తల్లీ, నేను చెప్పి చూశా వినలేదు, అన్నారు. నేను నమ్మలేదు. నా కూతురికి ఆఖరి బట్టలు కట్టిన చెయ్యి అలాంటి పని చెయ్యదన్నా. అక్క నోట వింటేగానీ నమ్మనన్నా."

"ఆయనే, డెల్ఫీన్. ఆయనే నా చేత... బళ్లకి హీటర్లు ఇస్తామన్నారు. పిల్లలు చలికి..."

"ఇందాక జిల్లాల వాళ్లన్నావు. ఇప్పుడు బళ్లంటున్నావు."

"రెండూ ఒకటే. నన్ను చెప్పనీ. ఎమ్మెట్ కూడా ఏటా ఇదే చేశాడు. నాకివాళే తెలిసింది."

"పోయినాయన మీదికి తోసేస్తున్నావా?"

"తొయ్యటం కాదు. నిజం. దేవుడి సాక్షిగా నిజం."

"ఏటా ఓడిపోయినా మా కోసం మళ్లీ నిలబడ్డ మనిషి. కట్టుకున్నదానివి, నువ్వా ఆయన్నిలా అనేది?"

"నన్ను తిట్టు. కొట్టు. కానీ ఆ లూషియస్ మాట నమ్మకు."

"ఆయన నాతో నిజం చెప్పారు. నువ్వు చెప్పలేదు."

"ఎక్కడికి వెళ్తున్నావు? బస్సు సాయంత్రం కదా. ఉండు, కార్లో దింపుతా. దారిలో అంతా చెబుతా."

"అక్కర్లేదు. లూషియస్ గారు భోజనానికి రమ్మన్నారు. జూన్ ఎన్నికల్లో నీ సీటుకి నన్ను నిలబడమంటున్నారు. సరేనన్నాను."