గుడ్లగూబకు తాయత్తు

కురవిలో తాయత్తులు కట్టే ముసలాయన ఇంటి ముందు, రేకుల నీడన ఒక తల్లి, ఇంటర్ చదివే ఆమె కూతురు తమ వంతు కోసం కూర్చున్నారు.

“మల్లొకసారి చెప్పు. ఎప్పుడు పట్టింది నిన్ను?”

“ఏం పట్టలేదమ్మా. నేనే గుడ్లగూబను. మీద మనిషిని, లోపల గుడ్లగూబను.”

“మెల్లగ! వినేటోళ్లు ఏమనుకుంటరు? అయితే అయితివి, చిలుకవన్న కాకపోతివి!”

“నేనేమన్న ఏరుకున్ననా?”

“మరెట్ల తెలిసింది?”

“పొద్దుగూకంగనే భుజాలు బరువైతయి, రెక్కలు ముడుసుకున్నట్టు. చిన్నప్పటి నుంచి గిట్లనే. నా అసోంటోళ్లు ఇంకా ఉన్నరని మొన్ననే ఫోన్‌ల చూసిన. సంతోషానికి ఏడుపొచ్చింది.”

“బరువు కాలేజీ బ్యాగుది కావచ్చు.”

“అమ్మా!”

“ఏం పరేషాన్ చేస్తివే! దేవునికన్న మొక్కుతున్నవా?”

“రోజు మొక్కుత.”

“ఏమని?”

“నన్ను గిట్ల పుట్టించినవు, గా ముచ్చట మా అమ్మకు గూడ జర సమజ్ చెయ్యి అని.”

“ఊఁ. మరి తాయత్తు కడితే పోతదా అది?”

“అది వేరే, నేను వేరే అయితే గదా పోయేది? లోపల నేను తప్ప ఎవ్వరు లేరమ్మా.”

“లే.”

“మన వంతు వచ్చిందా?”

“రాలే. ఆయన బయటి నుంచి వచ్చినదాన్ని ఎల్లగొడతడు. నా కడుపుల పుట్టినదాన్ని ఎల్లగొట్టుమని నేనెట్ల అడుగుత? నడువు, బస్సు పోతది.”