శాలువా కప్పిన తెల్లారి

నిన్న చేనేత సంఘం వాళ్లు కప్పిన శాలువా ఆయన భుజం మీద నుంచి ఇంకా దిగలేదు. కొత్తవాడలోని ఇంటి అరుగు మీద కూర్చుని చాయ్ కోసం చూస్తుంటే, భార్య టిఫిన్ డబ్బాతో గడప దాటింది.

“పొద్దుగాల్నే ఏడికి పోతానవ్?”

“మగ్గం కాడికి. ఇంకేడికి?”

“రిటైరైనం గదనే!”

“అయింది నువ్వు. సంఘంల పేరు నీది, శాలువా నీది. పేరే లేనిదాన్ని నేనెట్ల రిటైరైత?”

“జంపఖానా మగ్గం మీద ఇద్దరు కూసుంటెనే పని నడుస్తది. ఇన్నేండ్లు నా పక్కన కూసున్నది నువ్వే గదా?”

“గా ముచ్చట నిన్న మైకుల చెప్పకపోతివి. ‘అన్నీ నేనొక్కన్నే నేసిన’ అంటివి.”

ఆయన శాలువా సర్దుకున్నాడు.

“మరి నా జాగల ఎవలు కూసుంటరు?”

“పక్కింటి రాజక్క.”

“ఆమెకు పనేమొస్తది? అంచు వంకర పోతది.”

“నేర్పుత. నీకు నేర్పలేదా?”

ఎవరైనా విన్నారేమోనని ఆయన గల్లీ అటూ ఇటూ చూశాడు.

“సరే తియ్. చాయ్ అన్న పోసి పో.”

“పాలు గిన్నెల ఉన్నయ్. నువ్వొక్కనివే పెట్టుకో.”