చిల్లు లేని గ్లౌజులు

మిషను భాగాలు థిన్నరులో కడిగే చెల్లెలు, పొక్కులెక్కిన చేతులతో వచ్చి, గ్లౌజుల ఫ్యాక్టరీలో పరీక్షలు చేసే అన్నగారి బల్ల ముందు నిలబడింది.

“మీ గ్లౌజుల్లో నీళ్లు పోసి చూశానన్నయ్యా, ఒక్క చిల్లూ లేదు.”

“చిల్లెందుకమ్మా! థిన్నరు రబ్బరులోకే ఇంకి, మెల్లగా లోపలివైపు తేలుతుంది.”

“ఎంతసేపట్లో?”

“ఇరవై నిమిషాల్లో.”

“పెట్టె మీద థిన్నరుకి నాలుగు గంటలు ఆగుతాయని వేశారే! కింద సంతకం నీది. అది చూసేగా నిశ్చింతగా తొడుక్కున్నాను!”

“పైవాళ్లు తొందరపెట్టారు. థిన్నరు బదులు నీళ్లతో పరీక్ష కానిచ్చేశాను. నీళ్లకైతే ఆగుతాయమ్మా.”

“ఆహా. ఇక మా ఓనరుకి చెప్పి మిషన్లకి నీళ్ల స్నానం చేయిస్తాలే.”

ఆమె చూపు అతని చేతుల మీద పడింది. మిగతా పరీక్షల కోసం రోజూ థిన్నరు ముట్టే చేతులు, నవనవలాడుతున్నాయి.

“మరి నువ్వేవి తొడుక్కుంటావు?”

“వేరే కంపెనీవి.”