గునపం మేస్త్రి ఎస్టిమేటు

ఆ కాగితం తర్వాత చూస్తాలే గానీ, ముందు నువ్వేం చూశావో చెప్పరా అల్లుడూ. మీ ఇంటిమీద గది వెయ్యడానికి ఎంతవుతుందో చెప్తానని వచ్చాడే ఆ ఇంజనీరు, వచ్చి ఎక్కడ నిలబడ్డాడు? డాబా ఎక్కాడా? ఎక్కి? టేపు లాగాడు, ఫోన్లో ఫొటోలు తీశాడు, కాఫీ తాగాడు. అంతేనా? కిందికి దిగి గోడ మొదట్లో ఒక్కసారైనా వంగి చూశాడా? చూళ్ళేదు కదా! మరైతే అందులో ఇటుకల దగ్గర్నుంచి కిటికీ రంగు దాకా ఎన్ని రాస్తే మాత్రం నాకెందుకు? మడిచి జేబులో పెట్టుకో.

నవ్వకు. నువ్వు పెరిగిన మేడగది వేసింది ఎవరనుకున్నావు? గునపం మేస్త్రి. అందరూ టేపు పట్టుకొస్తే ఆయన భుజాన గునపం వేసుకుని వచ్చేవాడు, అందుకని ఆ పేరు. మనిషి ఎండుపుల్ల. సిమెంటు కలిపి కలిపి వేళ్ళు గరుకు కాగితంలా తయారయ్యాయి. మీ అత్తయ్య మంచినీళ్ళిస్తే గ్లాసు గీరుకున్న చప్పుడొచ్చేది. ఏదో చెప్తున్నాను... ఆఁ, గది. మీ నాన్న కాలం చేసిన ఏడాది అది. నీకు మూడేళ్ళు, ముక్కు కారుతూ తిరిగేవాడివి. అద్దె ఇంటివాళ్ళు మీ అమ్మకి మూడు నెలలు గడువిచ్చారు, ఆపైన సామాను వీధిలోనే. మా ఇంట్లో ఉన్నవి రెండు గదులు, మనుషులం ఏడుగురం. మా చెల్లిని ఎక్కడ పెట్టను, నెత్తిమీదా? అవును, నెత్తిమీదే, పైన గది వేసి. పక్కవీధి కాంట్రాక్టర్ని పిలిస్తే మెట్లమీదే నిలబడి, "ఎంతండీ, చిటికెలో పని, నెలన్నరలో పాలు పొంగించుకోండి" అని ఒక అంకె చెప్పేశాడు. నా దగ్గర ఉన్నదానికి సరిగ్గా సరిపోయింది. నా ప్రాణం లేచొచ్చింది. అయినా మా ఇంటి కింద భాగం కట్టింది మేస్త్రే కదా, పెద్దాయన్ని ఒకమాట అడగకపోతే బాగుండదని కబురు పెట్టాను.

వచ్చాడు. పైకి రమ్మంటే వినిపించుకోలేదు. తూర్పు మూలకి పోయి తవ్వడం మొదలుపెట్టాడు. "మేస్త్రీ, గది పైన, గొయ్యి కింద ఎందుకయ్యా?" అన్నాను. రెండడుగులు తవ్వేసరికి గునపం కొస గోడ కిందికి దూరిపోయింది, పునాది రాళ్ళు అక్కడితో సరి, వాటి అడుగున మెత్తటి మట్టి. గోతిలోనే కూర్చుండిపోయాడు. "బాబూ, ఇది నేను చేసిన పనే. సొంతంగా పట్టిన మొదటి ఇల్లు. ఈ మూల తవ్వుతుంటే నీళ్ళూరాయి. తోడి ఇంకా లోతుకి దిగడానికి ఒళ్ళు బరువై రెండడుగుల దగ్గరే ఆపి రాళ్ళు పరిచేశాను. ఆ రోజు మీ నాన్నగారు పని దగ్గర లేరు. ఒక్క అంతస్తే కదా, ఎప్పటికీ ఆగుతుందిలే అనుకున్నాను. పైన గది వేస్తే మాత్రం ఈ గోడ నిలబడదు" అన్నాడు. విన్నావా? ఆయన తవ్వకపోతే ఎవడికి తెలుసు? మట్టికి తెలుసు, ఆయనకి తెలుసు!

నాకు ఒళ్ళు మండిపోయింది. నడివీధిలో నిలబడి నానా మాటలూ అన్నాను. "నీ బద్ధకానికి నా చెల్లెలు వీధిన పడాలా?" అన్నాను. తల వంచుకుని అంతా విని, అప్పుడు చెప్పాడు ఎస్టిమేటు. నాలుగు మూలలా లోతుగా తవ్వి కొత్త స్తంభాలు లేపాలి, గది బరువు వాటిమీదే ఉండాలి, ఇనుము ఇంత, సిమెంటు ఇంత, కంకర ఇంత. నా దగ్గరున్నది వీటికే సరి. "కూలీ?" అన్నాను. "కూలీ ఎప్పుడో తీసుకున్నాను కదా బాబూ, ముప్పై ఏళ్ళ కిందట" అన్నాడు. మర్నాడు పొద్దున్నే పెళ్ళాన్ని వెంటబెట్టుకుని దిగాడు. ఆవిడ నీళ్ళు తోడిపోస్తూ, "ఆ రోజే తోడి ఉంటే ఈ నడుం నొప్పి నాకు తప్పేది" అని ఒకటే దెప్పడం. ఈయన ఇంకా లోతుకి తవ్వడం. గడువుకి నాలుగు రోజులుందనగా మీ అమ్మ పెట్టె పైకెక్కింది. పదకొండేళ్ళు ఉన్నారు మీరిద్దరూ ఆ గదిలో. మంచాలమీంచి దూకి దూకి చచ్చేవాడివి కదరా, ఎక్కడైనా వెంట్రుకంత బీట చూశావా? అదీ పని!

ఆయనతో పోలిస్తే మీ టేపుగాళ్ళంతా... సరే, ఆ మాట వదిలెయ్. తర్వాత రెండేళ్ళకి బడికి కొత్త భవనం కడుతున్నారు. ఆయన అడిగాడు ఆ పని. కమిటీవాళ్ళు నా దగ్గరికొచ్చారు, మీ ఇల్లు కట్టినాయనే కదా, ఎలాంటివాడు అని. ఈ కథంతా చెప్పొచ్చు. చెప్పలేదు. నాకింకా కడుపులో కాస్త మంట ఉన్నట్టుంది. "పని మంచిదే, పునాది మాత్రం మీరు దగ్గరుండి చూసుకోండి" అన్నాను. అంతే, ఒక్క మాట. పని ఇంకొకడికి పోయింది. ఆ తర్వాత ఆయన్ని పెద్ద పనికి పిలిచినవాడు లేడు. ప్రహరీ గోడలూ, అరుగుల మరమ్మతులూ చేసుకుంటూనే పోయాడు. ఎదురుపడితే మాత్రం, "గది ఎలా ఉంది బాబూ?" అనేవాడు, అంతే.

నేను అబద్ధమేం ఆడలేదు కదరా. ఆడానా?