వన్నూరప్ప వంతు

మనిషి పోయాక ఆయన వంతు ఎవరిది? చెప్పండి పిల్లలూ, తొందరేం లేదు. తెలీదా? అయితే వనజ సంగతి వినండి. లైన్‌మన్ కూతురు, కంప్యూటరు చదివిన పిల్ల. వాళ్ల ఊళ్లో కొందరు రైతులకి కలిపి ఒకటే బోరు. వంతులేసే నీరటికాడు ఎవరు చుట్ట ఇస్తే వాళ్ల మడికే ముందు నీళ్లు తిప్పేవాడంట. రోజూ కొట్లాటే. అప్పుడీ పిల్ల రైతులతో, ఎవరి చెయ్యీ పడకుండా వంతులేసే యాప్ చేస్తా, బ్లాక్‌చైన్ మీద, అందంట. అంటే ఏంటో చెప్తా. క్లాసులో అందరి పలకల మీదా ఒకే లెక్క రాయించాననుకో. ఒకడు తన పలక తుడిచి మార్చుకుంటే? మిగతా పలకలు పట్టిచ్చేస్తాయి. ఇక్కడ పలకల బదులు ఫోన్లు, అంతే. ఎవరి వంతొస్తే వాళ్లు తమ ఫోన్ మీద వేలు పెడితేనే మోటారు తిరుగుతుంది. నియమం మార్చాలంటే మాత్రం అందరి వేళ్లూ పడాలి.

ఏమైందంటే, నియమాలు రాస్తూ రాస్తూ ఆ పిల్ల ఒకచోట ఆగిందంట. ఎవరైనా పోతే వాళ్ల వంతు ఎవరికి రాయాలి మామా, అని ఊరిపెద్ద తిమ్మారెడ్డిని అడిగింది. "మంచిపని మొదలుపెడతా చావు మాటేందమ్మా, నోరు కడుక్కో" అన్నాడంట ఆయన. పక్కనే ఉన్న రైతు వన్నూరప్ప నవ్వి, "నన్ను సాగనంపడానికా పాపా ఇంత చదివినావు" అన్నాడంట. అందరూ నవ్వారు. పిల్ల సిగ్గుపడి ఆ నియమం వదిలేసింది. మంచిరోజు చూసి, స్టార్టరు పెట్టెకి పసుపు రాసి, టెంకాయ కొట్టి, యాప్ ఎక్కించేశారు. ఎక్కించాక దాన్ని తుడిచే గుడ్డ లేదు.

ఎండలు ముదిరాక వన్నూరప్ప చేలోనే కూలబడి పోయాడు. పోయినాయన్ని కాల్చేశారు, వేలూ ఆయనతోనే పోయింది. టమాటా పూతమీదుంది, ఒక్క తడి పడితే నిలబడుతుంది. ఆయన వంతు రానే వచ్చింది. "వన్నూరప్ప గారూ, వేలు పెట్టండి" అని ఫోను పిలుస్తుంటే పెళ్లాం ఈరక్క తన వేలు పెట్టి పెట్టి అలిసిపోయి, వనజ దగ్గరికి పరిగెత్తిందంట.

"నియమం మార్చు పాపా."

"అందరి వేళ్లూ పడాలక్కా."

"పడతాయి. అందర్నీ నేను బతిమాలుకుంటా."

"ఆ అందరిలో వన్నూరప్ప మామ కూడా ఉన్నాడక్కా."

స్టార్టరు పెట్టె పగలగొట్టి మోటారు తిప్పుదామంటే ఎవరూ కదల్లేదు. ఈరోజు ఈరక్క కోసం పగిలితే రేపు ఎవడికోసమైనా పగులుతుందని తిమ్మారెడ్డి భయం. మీ నీళ్లలోంచి ఇంత ఇవ్వండి అంటే, మా చేలే బీటలిచ్చాయన్నారు. అబద్ధమూ కాదు. ఆయన వంతున మోటారు ఊరికే నిలబడి ఉంటే, ఈరక్క గట్టుమీద ఊరికే కూర్చుని ఉందంట. పూత రాలిపోయింది. చేను ఎండిపోయింది. ఆమె కూలికి పోతోంది ఇప్పుడు. ఫోను మాత్రం వంతు తప్పకుండా ఆయన్ని పిలుస్తూనే ఉందంట.

చావు మాట ఎత్తకూడదన్నారు, అంతే పిల్లలూ, ఇంకే తప్పూ లేదు. ఆ పిల్ల కోడ్‌లో ఒక్క అక్షరం తప్పు లేదంట. సరే, నేను పోయాక అటకమీద ఊరగాయ జాడీలు ఎవరివో ఇప్పుడే చెప్పనా? అదిగో, చిన్నదాని చెయ్యి నా నోటిమీదికి వచ్చేసింది. తియ్యమ్మా. చింతపండు సగంలో ఉంది, గింజ తీసుకోవాలి నేను.