ఎడమ కుర్చీలో నాన్న

నర్సీపట్నం, 2006. ఆదివారం మధ్యాహ్నం. మంగళవారం హైదరాబాదులో ఒక విమానాల కంపెనీ సిమ్యులేటరు పరీక్ష, దాని వెంటే ఇంటర్వ్యూ ఉన్న సత్యశ్రీ, గోడకి అంటించిన కాక్‌పిట్ బొమ్మ ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసింది. ఎడమవైపు కెప్టెన్ కుర్చీలో తండ్రి తాతబ్బాయిని కూర్చోబెట్టింది. ఆయన ఒక ప్రైవేటు స్కూలు బస్సు డ్రైవరు. వంటింట్లో తల్లి జోగులమ్మ. పొద్దుటినుంచి ఆ ఇంట్లో ఎవరికి ఎవర్ని చూసినా ఒళ్ళుమంటగానే ఉంది.

"ఛీ, ఆపు! మళ్ళీ అదే. 'సర్, కొంచెం హైట్ చూసుకోండి సర్.' ఆ కొంచెమేటి? పెళ్ళిలో పెరుగు ఒడ్డిస్తన్నావేటి?"

"అలవాటైపోయింది నాన్నా."

"ఆ అలవాటుకే కదా మొన్న ఇంకో కంపెనీలో ఫెయిల్ చేసీసేరు? ఆ పరీక్షాయన ఏటన్నాడన్నావు?"

"ఎందుకిప్పుడు?"

"సెప్పు. నీ నోటితో సెప్పు."

"'మీరు చాలా మర్యాదస్తులమ్మా. మీ మర్యాదకి నూట ఎనభైమంది చచ్చేవాళ్ళు' అన్నాడు."

"కావాలనే తప్పు సేసేడు కదా ఆయన?"

"కావాలనే. రన్‌వే కనిపించకపోయినా దించుకుంటూ పోయాడు. రెండుసార్లు సర్, సర్ అన్నాను. వినిపించుకోలేదు. ఇంక నాకు నోరు పెగల్లేదు. అంత పెద్దాయన, తెల్లజుట్టు…"

"తెల్లజుట్టని నేల పక్కకి తప్పుకుంటాదేటి? రోతమ్మా, రోత. నా కూతురు సర్ సర్ అనుకుంటా విమానాన్ని కొండకి గుద్దించీడం!"

"నాకు మాత్రం రోత కాదా? ఆ రోజునుంచి నా గొంతు నేను వింటేనే అసహ్యంగా ఉంది. సరే, మళ్ళీ చేద్దాం. నేను రాసిన కార్డుల్లోంచి ఒకటి తియ్యి. దానిమీదున్న హైట్ గట్టిగా చదువు. ఐదొందల అడుగుల కన్నా తక్కువైతే నేను అరిచి ఆపాలి. ఆపకపోతే తిట్టు."

"వెయ్యి అడుగులు."

"ఓకే సర్."

"మళ్ళీ సరా?"

"వెయ్యికి అనొచ్చు నాన్నా. అక్కడ తప్పేం లేదు."

"అయితే ఇంకోటి. ఎనిమిదొందలు."

"నాన్నా, కార్డు ఇటు తిప్పు."

"ఏటి?"

"దీనిమీద రెండొందలుంది."

"ఉంటాది. కావాలనే అలగ సదివేను. నువ్వు పట్టుకుంటావో లేదోనని."

"ఓహో. నిజం పరీక్షలాగే చేస్తున్నావే."

"మరి? నేనేటనుకున్నావు!"

"ఏటా అరుపులు? పక్కింటి సింహాద్రమ్మ గోడ మీంచి సూత్తంది."

"నువ్వూరుకోవే జోగులమ్మా. విమానం గాల్లో ఉంది."

"ఉంటే ఉండనీండి. మీ ఇద్దరి గోలకీ నాకిక్కడ పని తెమలట్లేదు."

"అమ్మా, పది నిమిషాలు. నాన్నా, ఇదిగో. నేనిస్తాను, ఇది చదువు."

"ఏడొందలు."

"సరిగ్గా చూసి చదువు."

"సూసే సదివేను. ఏడొందలు. పెద్ద అక్షరాలతో రాసేవు కదేటి."

"ఏ రంగుతో రాశాను?"

"ఎర్రరంగు."

"నాన్నా…"

"ఏటి?"

"అది ఖాళీ కార్డు."

"ఖాళీ ఏటి? ఉండు, మళ్ళీ సూత్తాను."

"దానిమీద ఏమీ రాయలేదు. రెండువైపులా తెల్లగానే ఉంది."

"ఇక్కడ ఎలుతురు సరిగ్గా లేదు."

"కిటికీ వెలుతురంతా కార్డు మీదే ఉంది. ఎన్నాళ్ళనుంచి?"

"ఏటి ఎన్నాళ్ళనుంచి? నీ ఇంటర్వ్యూ సంగతి సూడు. ఆ ప్రశ్నల కాగితం తీ."

"ఎన్నాళ్ళనుంచి నాన్నా?"

"శుక్లాలే. అందరికీ వత్తాయి. ఎడం కంట్లో పొర బాగా కమ్మీసింది. కుడి కంటితో నడిసిపోతంది."

"కుడి కంటితో కూడా ఖాళీ కార్డు మీద ఏడొందలు చదివావు. మొన్న బస్సు కల్వర్టు గోడకి రాసుకుంటే గేదె అడ్డొచ్చిందన్నావు."

"గేదె వొచ్చింది."

"వచ్చిందా?"

"నల్లగా ఏదో వొచ్చింది."

"ఛీ! లోపల పిల్లలున్నారు నాన్నా!"

"ఎవరికీ ఏటీ అవలేదు కదా! ఇరవయ్యేడేళ్ళనుంచి తోల్తన్నాను. ఆ రోడ్డు నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు."

"మూసుకునే తోలుతున్నావు. కళ్ళ సర్టిఫికెట్ ఎలా ఇచ్చారు? మొన్నే కదా లైసెన్సు రెన్యూవల్ అయింది?"

"ఇచ్చేరు."

"ఎలా?"

"ఆ అక్షరాల బోర్డు… మా బస్సు క్లీనరు కొండన్న ముందురోజెళ్ళి కాగితం మీద రాసుకొచ్చేడు. బట్టీ పట్టీసేను."

"బట్టీ పట్టావు. ఎన్ని వరసలు?"

"ఆరు."

"నా టెన్త్ పరీక్షలప్పుడు, గోడెక్కి చీటీలందిస్తున్న వాళ్ళని రాయి పెట్టి కొట్టబోయినవాడివి. వీధంతా చెప్పుకుని తిరిగావు. నాకు నిన్ను చూడాలంటేనే అసహ్యంగా ఉంది."

"అనమ్మా, అను. ఇందాకా సర్ అనకుండా మాట్లాడలేకపోయేవు. ఇప్పుడెలగొస్తంది నోరు?"

"ఆపరేషన్ చేయించుకోవచ్చు కదా? ఎంతసేపు పడుతుంది?"

"ఆ తరవాత నెల్రోజులు బస్సెక్కనివ్వరు. ఆ నెల్లో ఇంకొకడొచ్చి నా సీట్లో కూకుంటే? నీ చదువు స్కాలర్‌షిప్పుతో అయిపోయింది సరే. ఇల్లెలగ నడుస్తాది? నీకు ఉద్యోగం వొచ్చీదాకానే అనుకున్నాను. తరవాత నేనే దిగిపోదును."

"నేను కరస్పాండెంటు మత్స్యలింగంగారికి చెప్తాను. ఇప్పుడే వెళ్తాను."

"ఎల్లు."

"వెళ్తాను. ఆయన స్కూలు, ఆయన బస్సు. ఆయనకి తెలియాలి."

"ఆయనకి తెలుసు."

"ఏమిటి?"

"దసరానుంచీ తెలుసు. 'మీ అమ్మాయికి ఉద్యోగం వొచ్చీదాకా తోలు తాతబ్బాయీ. మంచి డ్రైవర్లు దొరకట్లేదు' అన్నారు."

"మంచి డ్రైవర్లు…"

"ఆయన మంచోడమ్మా. నా మీద అభిమానం."

"అభిమానమా? వాళ్ళ పిల్లల్ని మాత్రం కార్లో పంపించుకుంటారు కదా! నీ బస్సెందుకు ఎక్కరో ఇప్పుడర్థమైంది. ఇందులోకి నా పేరు కూడా లాగారా? నా ఉద్యోగం కోసం ఆ పిల్లల్ని గుడ్డి బస్సులో…"

"గుడ్డి అనకు."

"మరేమనాలి?"

"గుడ్డి అని మాత్రం అనకమ్మా. రాత్రి పడుకుంటే నాకూ అదే మాట వినపడతాది."

"అయితే మానెయ్యి. రేపే మానెయ్యి."

"మానీసి? ఎల్లుండి నీ ఇంటర్వ్యూలో మీ నాన్నేటి చేస్తాడమ్మా అంటే, కంట్లో పొరొచ్చి ఇంట్లో కూకున్నాడని సెప్తావేటి? ఈ ఉద్యోగం కూడా పోతే ఏటి సేద్దాం? పోనీ, ఎల్లి సెప్పు. పిల్లల ఇళ్ళకెళ్ళి సెప్పు. ఎవరింటికి ముందెల్తావు?"

"ఎవరింటికైనా."

"సెప్పీసి? ఊరంతా నన్ను సూసి ఉమ్మేస్తారు. తాతబ్బాయి పిల్లల్ని సంపబోయేడంటారు. అది ఇన్న తరవాత నేను ఈ గుమ్మం దిగగల్నా? నువ్వే సెప్పు."

"అలా మాట్లాడకు."

"నెల్రోజులమ్మా. ఉద్యోగం నీ సేతికొచ్చిన రోజే తాళాలు వాళ్ళ టేబుల్ మీద పడీసి వొచ్చెత్తాను. నీ మీదొట్టు."

"నా మీద ఒట్టెయ్యకు."

"మరెవరి మీదెయ్యమంటావు?"

"ఎండున్నప్పుడు కనిపిస్తుందా?"

"శుబ్బరంగా కనిపిస్తాది. మబ్బేస్తేనే కష్టం."

"స్పీడు?"

"ఇరవై దాటను."

"కల్వర్టు దగ్గర?"

"హారన్ కొట్టుకుంటా, పాక్కుంటా ఎల్తాను."

"కొండన్న పక్కన కూర్చుంటాడా?"

"కూకుంటాడు. ఎడమ, కుడి సెప్తాడు."

"…నెల రోజులే నాన్నా. ఆ తర్వాత ఒక్క రోజెక్కువైనా ఊరుకోను."

"ఊరుకోవద్దు. నా తల్లివి. ఆ కార్డులు మళ్ళీ కలుపు, బేగి కానిద్దాం. జోగులమ్మా, రెండు టీలు పట్రా. రేపు ఆరింటికే బస్సు తియ్యాలి."

"టీ ఇస్తానండి. బస్సు మాత్రం తియ్యక్కర్లేదు. పొద్దుటినుంచీ మీరిద్దరూ ఆ బొమ్మతో కుస్తీ పడతంటే, సంతకని సెప్పి ఆటో కట్టించుకుని మీ బస్సెల్లే దారంతా గొలుగొండ దాకా ఎల్లేను. మా ఆయనకి కళ్ళు కనపడట్లేదు, మీ గుంటల్ని బస్సెక్కించకండని, పిల్లలున్న ముప్పై ఎనిమిది ఇళ్ళల్లోనూ సెప్పీసొచ్చేను."