గయలో వదిలినవి

రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు ఎదురుగా, ఒక మేడమీది భోజనశాల. మధ్యాహ్నవేళ. కిటికీ పక్క బల్ల దగ్గర మామగారు పెద్దిరాజు, ఎదుట కోడలు సూర్యకళ. పెద్దాపురంలో బస్సెక్కినది మొదలు నాలుక చివరన మోసుకొచ్చిన మాటను ఆమె ఇంకా బల్లమీద పెట్టలేదు.

“అది కాదమ్మా నేనడిగేది. రాజమండ్రిలో ఇన్ని హోటళ్లుండగా ఈ మొరాకో వాళ్లదే ఎందుకని.”

“మొరాకో ఒక్కటే కాదు మావయ్యగారూ. ట్యునీషియా, అల్జీరియా, లిబియా, ఆ వైపు వంటలన్నీ చేస్తారట. కింద బోర్డు మీద రాసుంది.”

“లిబియా కూడానా.”

“లిబియా కూడా.”

“సరే. నీచు తగలనిది ఏమైనా దొరుకుతుందా ఇక్కడ?”

“పొద్దున్నే ఫోన్ చేసి చెప్పానండి. మనకి వేరే గిన్నెల్లో వండుతామన్నారు. కుస్కుస్, మట్టిమూకుట్లో కూర, కాల్చిన వంకాయ పచ్చడి.”

“కుస్కుస్. లిబియా నుంచి భాను ఫోన్లో చెప్పేవాడు, అదేనా?”

“అదే. శుక్రవారం పూట క్యాంపులో అందరికీ ఒకే పెద్ద పళ్లెంలో పోసేవారట. మీ అబ్బాయి మాత్రం పక్కన వేరే కంచం పెట్టించుకునేవారట.”

“ఎంగిలి కలపడు. చిన్నప్పటినుంచీ అంతే. వాళ్లమ్మ తిన్న కంచంలో ముద్ద పెడితే లేచిపోయేవాడు. నవ్వుతావేం?”

“ఏం లేదండి.”

“చెప్పు.”

“నా కంచంలోంచి తినేవారు.”

“నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు.”

“మామగారికి చెప్పే మాటా అండి అది.”

భోజనం వచ్చింది.

“ఈ మూత చూడమ్మా, గుడి శిఖరంలా కట్టాడు. లోపల వేంచేసిన స్వామి ఎవరో.”

“గుమ్మడికాయ, శనగలు.”

“ఇదేమో పోపు మర్చిపోయిన రవ్వ ఉప్మాలా ఉంది. ఉండు, ఔపోశన పట్టనీ.”

“బల్ల తడుస్తుందండి.”

“తడిసింది ఆరుతుంది. ఔపోశన పట్టకుండా నోట్లో ముద్ద పెట్టడం నాకు చేతకాదు.”

“ఎలా ఉంది?”

“చప్పగా ఉంది. ఆకలి మీద ఉన్నాను కాబట్టి బాగుంది.”

“మావయ్యగారూ, ఒక సంగతి చెప్పాలి.”

“తిన్నాక చెప్పకూడదూ?”

“తిన్నాక గట్టు మీద కాసేపు కూర్చుందామంటారు. ఆ తర్వాత బస్సుకి వేళయిందంటారు. ఇంటికెళ్తే అత్తయ్యగారుంటారు.”

“సరే చెప్పు.”

“మా స్కూల్లో హరిబాబుగారని...”

“లెక్కల మాస్టారు.”

“మీకు తెలుసా?”

“భార్య పోయినవాడు. నెమ్మదస్తుడు. మరిడమ్మ జాతరలో కనిపించాడు. నీకు దణ్ణం పెట్టబోయి, నన్ను చూసి కంగారులో నాకు రెండుసార్లు పెట్టాడు.”

“ఆయన నన్ను అడిగారండి.”

“ఏమని?”

“తెలిసీ అడుగుతున్నారు మీరు.”

“నువ్వేమన్నావు?”

“ఆగమన్నాను. ఆగుతానన్నారు.”

“మంచిదే కదా.”

“ఏం మంచిది? ఎంతవరకూ ఆగమనను? లిబియాలో ఆ ఊరికి పైన ఆనకట్టలు తెగిన రాత్రి మీ అబ్బాయి ఏమయ్యారో చెప్పిన మనిషి లేడు. కంపెనీ వాళ్లు జాబితాలో పేరు లేదంటారు. ఉన్నవాళ్ల జాబితాలోనూ లేదు, పోయినవాళ్ల జాబితాలోనూ లేదు. టీవీలో పోలవరం చూపిస్తే అత్తయ్యగారు కట్టేయమంటారు. మీరేమో భాగవతం తెరుచుకుని కూర్చుంటారు. నేను భార్యనా, కాదా? అది నాకెవరు చెప్పాలి?”

“గొంతు తగ్గించమ్మా.”

“ఆయన ఉన్నారంటే ఈ తాడు ఆయనది. ఎన్నేళ్లయినా ఉంటాను. లేరంటే, లేరని తెలియాలి. ఈ రెండూ కాకుండా ఒక మనిషికి అవునని చెప్పలేను. కాదనీ చెప్పలేకపోతున్నాను, అది మీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది.”

“సిగ్గుపడవలసినదేం లేదు.”

“అందుకే ఇక్కడికి తీసుకొచ్చాను. ఇక్కడి వంటాయన ఆ క్యాంపులో వండినవారేనట. ఫోన్లో వీడియో చూశాను. మన కొవ్వూరు మనిషే. చిట్టియ్య అని.”

“ఏ చిట్టియ్య?”

“అదే చెబుతున్నాను కదండి, అక్కడ వండి...”

“పద, లేద్దాం.”

“ఏమైంది?”

“పొట్టలో బాగోలేదు.”

“ఇప్పుడే కదా ఆకలన్నారు. వంకాయ పచ్చడి ముట్టనేలేదు.”

“వద్దులే.”

“మీరు వంకాయ వద్దనడమేంటండి?”

“దురదలొస్తున్నాయని చెప్పానుగా.”

“కాశీ నుంచి వచ్చినప్పటినుంచీ ఇదే మాట. సీతాఫలాల కాలంలో అవీ ముట్టుకోలేదు. సీతాఫలానికి దురదేంటి?”

“కాశీ వెళ్లినవాళ్లు ఏదో ఒకటి వదిలేస్తారమ్మా. అది ఆచారం.”

“పిండం పెట్టి వదిలేది గయలో అండి. అక్షయవటం కింద. మా తాతగారు వెళ్లి కాకరకాయ వదిలొచ్చారు. ఇష్టమైనది వదలమంటే గిట్టనిది వదిలాడని మా నాయనమ్మ ఆయన పోయేదాకా దెప్పింది. నాకు తెలియదనుకున్నారా?”

“చాలా తెలుసు నీకు.”

“గయ వెళ్లారా?”

“అక్కడిదాకా వెళ్లినవాణ్ణి, అటూ వెళ్లొచ్చాను.”

“ఇంట్లో చెప్పలేదేం?”

“పితృదేవతలకి నాలుగు పిండాలు పెట్టడానికి చాటింపు వేయాలా?”

“పితృదేవతలకేనా?”

“కూరలో ఉప్పు చాల్లేదు.”

“మావయ్యగారూ.”

“ఆ మంచినీళ్లు ఇలా జరుపు.”

“మావయ్యగారూ, ఎవరికి పెట్టారు?”

“భానుతేజకి.”

“మళ్లీ చెప్పండి.”

“భానుతేజకి పెట్టానమ్మా. దేశాంతరం వెళ్లి వార్త తెలియకుండా పోయినవాడి కోసం పన్నెండేళ్లు ఎదురు చూడమంది శాస్త్రం. చూసిన సాక్షి ఉంటే ఆ గడువు అక్కర్లేదు. కాశీలో దర్భలతో ప్రతిమ చేయించి...”

“మీరు పురాణం చెప్పే గొంతు పెట్టకండి.”

“ఆ గొంతు పెట్టకపోతే ఈ మాట నా నోట రాదు. దర్భలతో ప్రతిమ చేయించి దహనం చేశాను. గయలో పిండం పెట్టాను. తండ్రి కొడుక్కి పెట్టవచ్చునా అని అడిగితే, ఇక్కడ ఎవరు ఎవరికైనా పెట్టవచ్చునన్నాడు అక్కడి పురోహితుడు. ఆ మాటకు నాకు సంతోషం కలిగింది. చూడు, ఎలాంటి సంతోషాలు మిగిలాయో నాకు.”

“సాక్షి ఎవరు?”

“వాడి ఇష్టమేదో వదులుదామనుకున్నాను. వాడిది కాదు, నాకు ఇష్టమైనదే వదలాలన్నారు.”

“సాక్షి ఎవరండి?”

“ఆ వంటవాడే.”

“చిట్టియ్యగారా?”

“కొవ్వూరు గోష్పాదంలో స్నానానికని వెళ్లేవాణ్ణి చూడు, అప్పుడు. అతను ఇల్లు చేరాడని తెలిసి వెళ్లాను. ఒకసారి కాదు. మొదట తెలియదన్నాడు. తెలియదనే అంటూ వచ్చాడు. చివరికి చెప్పాడు. భాను సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చాడనీ, తానే గుర్తుపట్టాననీ, మిగిలినవాళ్లతో పాటు పగటిపూట అక్కడే పూడ్చారనీ, తన చేత్తో తానూ మట్టి వేశాననీ. అతను ఇక్కడ పనికి చేరాడని మాత్రం నాకు తెలియదమ్మా. తెలిస్తే ఈ మెట్లు ఎక్కేవాణ్ణి కాదు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“మీ అత్తయ్య కోసం.”

“అత్తయ్యగారి మీద పెట్టకండి.”

“నీ నుదుట బొట్టున్నంత కాలం జగదాంబ వాకిలి వైపు చూస్తూ బతుకుతుంది. అది చెరిపిస్తే... అలా అనుకున్నాను. అబద్ధం. నా కోసమే. నువ్వు బడి నుంచి వస్తుంటే, వెనకాల వాడు బండి స్టాండు వేస్తున్నాడేమో అనిపిస్తుంది నాకు. పిండం పెట్టి వచ్చినవాణ్ణే. అయినా అనిపిస్తుంది. చెబితే నువ్వు వెళ్లిపోతావు. మా ఇంట్లో ఎందుకుంటావు?”

“కాశీ నుంచి వచ్చారని ఆ రోజు మీ కాళ్లు కడిగాను.”

“కడిగావు.”

“ఆ నీళ్లు నెత్తిన జల్లుకున్నాను. ఆయన క్షేమంగా రావాలని దణ్ణం పెట్టుకుని మరీ జల్లుకున్నాను.”

“తెలుసు. పైకే అన్నావు.”

“చూస్తూ ఊరుకున్నారు.”

“ఊరుకున్నాను. తిట్టమ్మా. నువ్వు తిడితే బాగుండును.”

“తిట్టాలని లేదండి.”

“ఏడవనైనా ఏడువు.”

“ఏడుపూ రావడం లేదు. ఏంటో తేలిగ్గా ఉంది. పాపం కదండి? మొగుడు పోయాడని వింటూ తేలిగ్గా ఉండడం.”

“పాపం నాది. నిన్ను ఇన్నాళ్లూ కట్టేసి ఉంచినది నేను. ఆ మాస్టారికి అవునని చెప్పు.”

“ఇప్పుడే ఆ మాట వద్దు.”

“ఇప్పుడే. రేపటికి నాకు మనసు మారుతుందేమో, నా మీద నాకు నమ్మకం లేదు. జగదాంబకి నేను చెప్పుకుంటాను. మీ నాన్నగారు లేరు కాబట్టి పీటల మీద నేను కూర్చుంటాను.”

“మీరా?”

“కొడుక్కి పిండం పెట్టినవాణ్ణి, కోడల్ని కన్యాదానం చేయలేనా?”

“ఎవరైనా ఏమైనా అంటారేమోనండి.”

“అననీ. శాస్త్రం నాకు చెప్పబోయేవాడు నాకంటే ఎక్కువ చదివి రావాలి.”

“ఇప్పుడు ఇద్దరం లేచి వెళ్లిపోతే బాగోదు. ఆయన్ని ఒక్కసారి పిలవండి.”

“ఎవర్ని?”

“చిట్టియ్యగార్ని. మట్టి వేసిన చెయ్యి కదా. దణ్ణం పెట్టుకుంటాను.”

“ఎందుకమ్మా, ఇప్పుడు.”

“ఒక్క దణ్ణం. అంతే. ఇంక జన్మలో ఈ ఊసెత్తను.”

“సరే. పిలిపించు.”

చిట్టియ్య చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చాడు.

“ఆయ్, పిలిచారటండి. ఉప్పు తగ్గిందేంటండి? వీళ్ల వంటే అంతండి, మన... పెద్దిరాజుగారా. తమరనుకోలేదండి.”

“బాగున్నావా చిట్టియ్యా?”

“ఆయ్. ఉన్నానండి.”

“మా కోడలు సూర్యకళ. భానుతేజ భార్య.”

“టీ పెట్టి తెస్తానండి. పుదీనా వేసి, తీపి ఎక్కువ పెడతారండి వీళ్లు. భోజనం అయ్యాక అది తాగితే...”

“టీ తర్వాత. కూర్చోండి అన్నయ్యగారూ.”

“ఇక్కడ మేం కూర్చోకూడదండి.”

“మా ఆయన్ని ఆఖరున చూసింది మీరేనటగా.”

“అయ్యగారు చెప్పారాండి?”

“ఇప్పుడే చెప్పారు. భయపడకండి, నేను గోల పెట్టను. మీరు మట్టి వేశారా?”

“అయ్యగారితో చెప్పాను కదండి.”

“నాతో చెప్పలేదు.”

“అదేనండి. అదే మాటండి.”

“ఏ మాట?”

“అయ్యగారితో చెప్పిన మాటండి.”

“ఒంటి మీద ఏ చొక్కా ఉంది?”

“చీకటండి అప్పుడు. సరిగ్గా కనపడలేదండి.”

“పగలని చెప్పావు నాతో.”

“పగలేనండి. పగలే. మబ్బు పట్టేసి ఉందండి. టీ చల్లారిపోద్దండి, నే వెళ్లి...”

“టీ ఇంకా పెట్టనేలేదు చిట్టియ్యా. నిలబడు.”

“నిలబడే ఉన్నానండి.”

“అన్నయ్యగారూ, ఇటు చూడండి. నేను ఇంకో పెళ్లి చేసుకోబోతున్నాను. మీరు చూశానన్న ఒక్క మాట మీద. మీరు వండిన అన్నమే ఇది. దీని మీద చెయ్యి పెట్టి, చూశానని నాతో ఒక్కసారి చెప్పండి. ఇంకేం అడగను.”

“అది అన్నం కాదు కదండి. కుస్కుస్ అండి.”

“తినబడేది ఏదైనా అన్నమే. పెట్టు చెయ్యి.”

“పెద్దిరాజుగారూ, తమరు పెద్దవారు, ఒద్దండి.”

“పెట్టు చిట్టియ్యా. చూసిన మాట చెప్పడానికి ఏం?”

“అన్నం మీద పెట్టలేనండి.”

“ఎందుకని?”

“సరుకులకని వేరే ఊరు పంపారండి నన్ను. ఆ రాత్రి నేను ఆ ఊళ్లోనే లేనండి. తిరిగొచ్చేసరికి క్యాంపు లేదు, వీధి లేదు. ఎవర్నీ చూడలేదండి నేను.”

“అయితే ఆయన?”

“తెలీదమ్మా. పోయారో, ఉన్నారో, నాకేం తెలీదు.”

“నేను పిండం పెట్టేశాను చిట్టియ్యా.”

“తమరు వచ్చి మా అరుగు మీద కూర్చునేవారండి. తెలీదంటే మళ్లీ వచ్చేవారు. మా ఆవిడ ఏం పెట్టినా ముట్టేవారు కాదు. చూశానంటే, ఇంటికెళ్లి ఓ ముద్ద తింటారనుకున్నానండి.”